విమానం ముక్కలో మా నాన్న

ముందే ఒప్పేసుకుంటున్నాను. నలభై మంది ముందు మా నాన్నని చూపించి "ఈయనెవరు?" అని అడిగితే, "మా గల్లీ ఆయన సార్" అన్నాను.

జరిగింది మెదక్‌లోనే. విమానంలో.

పూర్తి విమానం కాదులెండి. పెళ్లిళ్లకు కుర్చీలు, షామియానాలు కిరాయికిచ్చే మహమూద్ భాయ్, ఎక్కడో పాత విమానాన్ని కోసి అమ్ముతుంటే నడిమి ముక్క కొన్నాడు. లారీ మీద తెచ్చి నర్సాపూర్ రోడ్డులో మూతపడ్డ రైస్ మిల్లు షెడ్డులో దించాడు. ముక్కు లేదు, తోక లేదు, రెక్కలు లేవు. పది వరసల సీట్లు, రెండు వైపులా కిటికీలు. కానీ అసలు విమానమే. సినిమా వాళ్లకు రోజు కిరాయికిచ్చేవాడు. లోపలి లైట్లు, బెల్టు గుర్తు, 'టింగ్' మనే చప్పుడు నడిపే ప్యానెల్ నాది. పాలిటెక్నిక్‌లో మూడేళ్లు చదివింది ఆ టింగ్ కోసమన్నమాట.

2010లో రెండు బంద్‌ల మధ్య సందు దొరికితే ఓ యూనిట్ దిగింది. గల్ఫ్‌కి పోయే కూలీల సీను. మెదక్ నుంచీ ఎల్దుర్తి నుంచీ నలభై మందిని పోగుచేశాం. ఒక్కరూ విమానం ఎక్కినవాళ్లు కాదు.

"వీళ్లకు చూపించేవాళ్లు ఎవరైనా దొరుకుతారా?" అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్ రత్నాకర్.

"ఇద్దరున్నారు సార్. ఎనిమిదేళ్లు దుబాయ్‌లో చేసొచ్చారు."

అందులో ఒకరు మా నాన్న అనే సంగతి, అందరూ మెచ్చుకున్నాక చెబుదామని దాచుకున్నాను.

నా చిన్నప్పుడు మా నాన్న జయానందం, పక్కింటి బక్కయ్య మామ ఒకే రోజు బయల్దేరారు. ఒకే ఏజెంటు. సెలవుకొచ్చినా ఇద్దరూ ఒకే టాక్సీలో దిగేవాళ్లు. రెండు పెట్టెల్లోనూ ఒకటే పులిబొమ్మ దుప్పటి, ఒకటే టార్చి, ఒకటే సెంటు సీసా. మేం పిల్లలం పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్లం. రవ్వంత తేడా ఉండేది కాదు. దుబాయ్ కబుర్లు మాత్రం నాన్నే చెప్పేవాడు. మామని అడిగితే "మీ నాయిన్నడుగు బిడ్డా, మంచిగ చెప్తడు" అని బీడీ ముట్టించేవాడు.

ఇద్దర్నీ ముందు వరసలో కూర్చోబెట్టారు. బక్కయ్య మామ భార్య ఐలవ్వ అత్త కూడా వేషం కట్టింది. "మా ఆయనకు గిదంత కొత్తగాదు" అని చుట్టుపక్కల సీట్లన్నిటికీ చెప్పేసింది.

నేను టింగ్ మోగించాను. బెల్టు గుర్తు వెలిగింది.

"ఆఁ, బెల్ట్ పెట్టుకుని చూపించండి" అన్నాడు రత్నాకర్.

నాన్న కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. బక్కయ్య మామే ముందు బెల్టు అందుకున్నాడు. రెండు కొసలూ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆఖరికి పంచె బిగించినట్టు బొడ్డు మీద గట్టిగా ముడేశాడు.

షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు.

"గీయన పోయింది దుబాయా, దుబ్బాకనా?" అని వెనక వరస నుంచి ఒకడు అరిచాడు.

ఐలవ్వ అత్త నవ్వలేదు. "ఏందయ్యా గది?" అంది.

మామ తలెత్తలేదు. ముడి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

నా ఆశంతా నాన్న మీదే. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని మామ ముడి వంక చూశాడు. తీరిగ్గా తన బెల్టు కొసలు రెండూ తీసుకున్నాడు. ముడేశాడు. ఒకటి కాదు, రెండు ముళ్లు.

"గప్పటి ఇమానాలల్ల గిట్లనే కట్టేది సారూ. గీ కొండీలు ఎన్క ఒచ్చినయ్. కాదు బక్కయ్యా?"

"అవ్" అన్నాడు మామ, వినీ వినపడకుండా.

"ఇద్దరికిద్దరు సరిపోయిండ్రు!" నవ్వు రెట్టింపయింది.

"గంతేనా? నేనింకేందో అనుకున్న" అని ఐలవ్వ అత్త కొంగు సర్దుకుంది.

రత్నాకర్ నా వైపు తిరిగాడు. "కళ్లద్దాల పెద్దాయన ఎవరండీ? మీకేమవుతాడు?"

"మా గల్లీ ఆయన సార్."

నాన్న మూడడుగుల దూరంలో ఉన్నాడు. వినలేదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

చివరికి నేనే వెళ్లి అందరికీ బక్కిల్ పెట్టడం నేర్పాను. నాన్న దగ్గరికొచ్చేసరికి "ఇలా పెట్టుకోవాలండీ" అన్నాను. అవును, 'అండీ' అన్నాను. ఆయన బుద్ధిగా తలూపాడు.

మధ్యాహ్నం బిర్యానీ తింటూ తేల్చేశాను. నాన్న దుబాయ్ మొహం చూడలేదు. ఏ భివండిలోనో మగ్గాల మీద పనిచేసి, ఎనిమిదేళ్ల కబుర్లు అల్లాడు. ఇద్దరిదీ ఒకటే నాటకం. నేను ఆ కబుర్లు స్కూల్లో ఎంతమందికి చెప్పానో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఇక్కడితో ఆపేసి, మీ నాన్నలు మీ పరువు తీసిన సంగతులుంటే నాకు రాయండి అని అడుగుదామనే ఇది మొదలుపెట్టాను. కానీ ఇంకొంచెం ఉంది.

సాయంత్రం అందరూ దిగిపోయారు. బయట ఐలవ్వ అత్త బక్కయ్య మామని ఏదో అని ఆటపట్టిస్తోంది. మామ నవ్వుతున్నాడు. నేను ప్యానెల్ ఆపడానికి లోపలికెళ్లాను. నాన్న ఒక్కడే కిటికీ పక్క సీట్లో, వెనక్కి వాలి నిద్రపోతున్నాడు. లైటు ఆపబోయి పక్క మీట నొక్కాను. టింగ్ మంది.

నాన్న కళ్లు తెరవకుండానే, ఒంటి చేత్తో బెల్టు టక్కుమని పెట్టుకుని, నేనెవరికీ చూపించని మీట నొక్కి సీటు నిటారు చేసి, కిటికీ తెర పైకి తోశాడు.