తాళం తీయల్ల

“తాళం తీయల్లమ్మా, వేరే దారి లేదు,” అన్నాడు దేవరాజ్, కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పకుండానే.

మంజుశ్రీ ఫోను తెర కనబడకుండా బోర్లా పట్టుకుంది. చిక్కబళ్ళాపురంలో బేకరీ పైనున్న ఆ వీసా ఏజెంటు ఆఫీసుకు ఆమె రావడం ఇది ఐదోసారి. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక రూలు మారింది. మొదట ఫోటో కొలత, తర్వాత అర్జీ ఫారం, ఆ తర్వాత ఇంటర్వ్యూ తేదీ. అన్నీ ఓర్చుకుంది. ఇవాళ్టిది మాత్రం గొంతుకు అడ్డం పడింది. అమెరికాలో చదువుకు వీసా అడిగేవాళ్ళు తమ ఇన్‌స్టాగ్రామ్ లాంటి ఖాతాలన్నీ ఎవరైనా చూసేలా తెరిచి పెట్టాలట.

ఆ ఖాతాలో దాచుకోవాల్సిన ప్రేమ వ్యవహారాలేమీ లేవు. ఉన్నదల్లా అత్త.

మేనత్త తిమ్మక్క చింతామణి దగ్గర పట్టుపురుగులు పెంచుతుంది. పురుగుల ఇంటి గుమ్మంలో ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిందంటే, పంచాయతీ అధ్యక్షుడైనా సరే కాళ్ళు కడుక్కోవాలి, జేబులో బీడీలు బయట పెట్టాలి, సెంటు పూసుకోలేదని ఒట్టు వేయాలి. పురుగుకు వాసన పడదు. అత్తకు ఎదురు మాట పడదు. ఆ అత్తను అచ్చుగుద్దినట్టు దించుతూ మంజుశ్రీ రెండేళ్ళలో ముప్పై నాలుగు వీడియోలు చేసింది. తాళం వేసిన ఖాతా కాబట్టి చూసేది కాలేజీవాళ్ళు ఒక నలభై మంది.

ఇప్పుడు ఆమె చదువు ఖర్చుకు పూచీ పడుతున్నది కూడా ఆ అత్తే. స్టాంపు పేపరు టైపు చేయించుకు రావడానికి కిందికి వెళ్ళింది. రాగానే సంతకం పెట్టాలి.

“కొన్ని తుడిపేస్తే కాదా అన్నా?” అంది మంజుశ్రీ.

“ఇప్పుడు తుడిపితే ఏం దాచినావని అడుగుతారు. అంతగా ఏముండాది దాంట్లో?”

“మా అత్త ఉండాది.”

ఇంట్లో పెద్దవాళ్ళ ఫోటోలుంటే మంచి అభిప్రాయమే కలుగుతుందని దేవరాజ్ ధైర్యం చెప్పాడు.

అత్త చూడదులే అనుకోవడానికి కొంత ఆధారం ఉంది. ఆమె నడుముకు దోపుకునేది బటన్ల ఫోను. పట్టుగూళ్ళ మార్కెట్ రేటు చూసుకోవడానికి కొన్న పెద్ద ఫోను సంచిలో గుడ్డ చుట్టుకుని పడుంటుంది. కానీ చాకవేలు నుంచి చింతామణి దాకా ఉన్న బంధువుల్లో ఎవరో ఒకరు సాయంత్రానికల్లా తెచ్చి చూపించకుండా ఉంటారా? అలాంటి సేవలకు వాళ్ళు బస్సు చార్జీలు కూడా చూసుకోరు.

ఎవరిని అడగాలో తోచక మంజుశ్రీ ‘కెంపుగులాబి’కి మెసేజ్ పెట్టింది. ఆ ఎర్ర గులాబి బొమ్మ వెనకున్నది స్నేహితురాలు అర్పితే అని ఆమె నమ్మకం. అర్పిత ఏనాడూ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. ప్రతి వీడియో కిందా ముందు పడేది ఆ గులాబి మాటే. మెచ్చుకోవడం తక్కువ, దిద్దడం ఎక్కువ. ‘గొంతు సరిపోయింది. చెయ్యి మార్చు, ఎడమది పెట్టు’ అంటూ ఒకటే పోరు.

తెరిస్తే అత్త సంతకం పెట్టదు, తెరవకపోతే వీసా రాదు, ఏం చేయమంటావని రాసింది మంజుశ్రీ. నిమిషంలో జవాబొచ్చింది.

‘తెరువు.’

దీనికేం పోయింది, చెప్తుంది అని అర్పితను మనసులోనే తిట్టుకుని, కళ్ళు మూసుకుని తాళం తీసేసింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. భుజానికి సంచి, చేతిలో పేపరుతో తిమ్మక్క ఆయాసపడుతూ వచ్చింది. సరిగ్గా అప్పుడే దేవరాజ్‌కు తన పని మీద శ్రద్ధ పుట్టుకొచ్చింది. ఖాతా తెరుచుకుందో లేదో చూద్దామని తన కంప్యూటర్‌లో నొక్కాడు. పోయిన వారం పెట్టిన వీడియో దానంతటదే మొదలైంది.

తెర మీద మంజుశ్రీ కొంగు దోపుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని, వీసా ఆఫీసరైన తిమ్మక్కగా నిలబడి ఉంది.

“యాడికి వస్తాండావు? మా దేశంలోకా? కాళ్ళు కడిగినావా? సెంటు పూసుకోనుంటే ఆడే నిలబడు. లోపల ముప్పై మూడు కోట్ల మంది ఉండారు. ఒక్కరు తుమ్మినా నీదే పూచీ.”

దేవరాజ్ పగలబడి నవ్వాడు. పక్కనే, అదే భంగిమలో నిలబడిన అసలు మనిషిని చూసి నవ్వు సగంలో మింగేశాడు.

మంజుశ్రీ నేల మీది టైల్సు చూస్తోంది. రెండేళ్ళ కష్టం, వచ్చిన సీటు, అన్నీ ఆ టైల్సు సందుల్లోకి ఇంకిపోతున్నాయి. అత్తా, అది ఊరికే, అని ఏదో గొణిగింది.

“ఇంకోతూరి వెయ్యప్పా,” అంది తిమ్మక్క.

దేవరాజ్ వేశాడు. ఆమె ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

“దీన్ని ఆఫీసరు చూస్తాడా?”

“చూడొచ్చమ్మా.”

“మన మాట తెలుస్తాదా ఆయప్పకి?”

“ఎవరితోనన్నా చెప్పించుకుంటాడు.”

“చెప్పించుకోనీ.”

తిమ్మక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పేపరు మొదటి వరస నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివింది. పెన్ను అడిగి తీసుకుని, గుండ్రటి కన్నడ అక్షరాలతో నింపాదిగా సంతకం చేసింది. మంజుశ్రీకి కళ్ళు చెమర్చాయి. థ్యాంక్స్ అనాలో, కాళ్ళ మీద పడాలో తెలియలేదు.

తిమ్మక్క లేచి, పేపరు మేనకోడలి చేతిలో పెట్టింది.

“ఎన్ని తూర్లు రాసినా తలకెక్కదేమే నీకి? ఎడమ చెయ్యి అని చెప్తానే ఉండా గదా.”