ఆర్లీన్‌కి ఓటెయ్యండి

స్కూలు బోర్డు ఎన్నికకి పోలింగ్ పెట్టిన ఫైర్‌స్టేషన్ తలుపు తెరిచేసరికే లొరెట్టా అక్కడ ఉంది. చట్టం చెప్పినంత దూరంలో, నవంబరు జల్లులో, రెండు చేతులతో అట్టబోర్డు ఎత్తిపట్టుకుని నిలబడింది. అక్షరాలు తనే రాసుకుంది. ‘ఆర్లీన్‌కి ఓటెయ్యండి.’

ఓటెయ్యడానికి వచ్చినవాళ్ళు బోర్డు చూసి, మనిషిని చూసి, మళ్ళీ బోర్డు చూశారు. కొందరు ఫోటోలు తీసుకున్నారు. తీసుకోరూ మరి! లొరెట్టా తాతల నాటి నుంచీ ఆ ఇంటి అరుగు మీద పార్టీ జెండా ఎగరని ఎన్నికలు లేవు. ఆర్లీన్‌ది ఏ పార్టీ కాదు.

లోపల సూప్ అమ్ముతున్న గ్లెనిస్ వేడివేడి గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు.

“ఏమే, నీకు మతి గానీ పోయిందా? ఎవరైనా చేస్తారటే ఈ పని?”

“నేను చేస్తున్నాగా. ఉప్పు తక్కువేశావు.”

గొడవంతా ఒక పోస్టుకార్డుతో మొదలైంది. పోయిన వారం ఊళ్ళో ప్రతి గడపకీ వచ్చింది. ఒకవైపు ఆర్లీన్ ఫోటో, పళ్ళు కొరుకుతున్నట్టుగా. రెండోవైపు పెద్ద అక్షరాల్లో, ‘బడిలో జెండా వందనం తీసేయించిన మనిషి. మీ పిల్లల్ని ఈవిడ చేతిలో పెడతారా?’

లొరెట్టా వెంటనే పార్టీ అధ్యక్షుడు వెండెల్‌కి ఫోన్ చేసింది.

“ఇదెవరు రాశారు?”

“మన పార్టీ రాష్ట్ర ఆఫీసు నుంచి వచ్చింది. అన్ని ఊళ్ళకీ ఇదే కార్డు. ఫోటో ఒక్కటే మార్పు.”

“ఆర్లీన్ వందనం తీసేయించడమేంటి? మొన్న స్కూలు బోర్డు సభలో నా పక్కనే నిలబడి గుండె మీద చెయ్యి వేసుకుని ఆ వందనం మాటలు చెప్పింది. నా కళ్ళతో చూశాను. తప్పని ఇంకో కార్డు వెయ్యి.”

“లొరెట్టా, నీకు గెలవాలని ఉందా లేదా?”

“ఇలా అయితే లేదు.”

వెండెల్ ఫోన్ పెట్టేశాడు. ఇంకో కార్డు రాలేదు.

ఆ వెండెలే ఇప్పుడు కారు దిగి విసవిసా వచ్చాడు. ముఖం ఎర్రగా కందిపోయింది.

“ఆ బోర్డు కింద పెట్టు. పొద్దున్నుంచీ ఫోన్లు. ఊరంతా నవ్వుతోంది.”

“నవ్వనీ.”

“పార్టీ నిన్ను పిలిచి పెద్దపీట వేసింది. దానికిదా నువ్వు చేసేది?”

“పీట వేశారు గానీ, కింద ఏం పరిచారో చెప్పలేదు.”

“బ్యాలెట్లు ఎప్పుడో అచ్చయ్యాయి. ఇప్పుడు నువ్వు తలకిందులుగా నిలబడినా పేర్లు మారవు.”

“అందుకేగా ఇక్కడ నిలబడాల్సి వచ్చింది!”

వెండెల్ గొంతు తగ్గించాడు. “రేపటి నుంచి మనవాళ్ళెవరూ నీ దుకాణంలో టైరు మార్పించుకోరు. ఆలోచించుకో.”

“సరే, గాలి లేకుండానే తిరగండి.”

అతను వెళ్ళాక లొరెట్టా బోర్డుని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. కొంత చలి, కొంత భయం. టైర్ల దుకాణం తప్ప ఆమెకి వేరే ఆధారం లేదు. అయినా బోర్డు దించలేదు.

మధ్యాహ్నం ఆర్లీన్ వచ్చింది. బోర్డు మీద తన పేరు చూసి ఆగిపోయింది. ఇద్దరికీ స్నేహమేమీ లేదు. బడి ఈతకొలను మూయించిన ఏడాది నిండు సభలో ఒకరి మీద ఒకరు అరుచుకున్నవాళ్ళు.

“నువ్వీ పని చెయ్యక్కర్లేదు, లొరెట్టా.”

“నీ కోసం చేస్తున్నాననుకోకు. కొలను సంగతి నేను మర్చిపోలేదు.”

“నేనూ మర్చిపోలేదు.”

“వచ్చే సభలో ముందు వరసలో కూచుని మళ్ళీ అరుస్తాను. కాచుకో.”

ఆర్లీన్ కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. ఆ తడి జల్లుదే అన్నట్టు లొరెట్టా అటు చూడలేదు.

సాయంత్రం చంటిపిల్లని ఎత్తుకుని ఒక కుర్రజంట వచ్చింది. ఊరికి కొత్త. గ్లెనిస్ ఖాళీ గిన్నె కోసం వచ్చి అక్కడే ఉంది.

“మేడమ్, ఇద్దరే పోటీ అట కదా? ఆ రెండో ఆవిడ మంచిది కాదా?” అని అడిగాడు కుర్రాడు.

లొరెట్టా బోర్డుని భుజానికి ఆనించుకుంది. “మరీ చెడ్డదేం కాదు. నోరు కాస్త ఎక్కువ. కానీ ఆవిడని గెలిపించడానికి ఒక అబద్ధాన్ని ఊరంతా పంచారు బాబూ. ఆవిడ గెలిస్తే ఆ అబద్ధం గెలిచినట్టే. బ్యాలెట్ మీద పేరు పక్కన పార్టీని తెలిపే అక్షరం చూసి గుడ్డిగా గీత పెట్టకు.”

గ్లెనిస్‌కి పొలమారింది. దగ్గుతూ నవ్వుతూ లోపలికి పరిగెత్తింది.

మర్నాడు పొద్దున లొరెట్టా దుకాణం తెరిచింది. ఒక్క కారూ రాలేదు. రేడియోలో మాత్రం కబురొచ్చింది. ఆర్లీన్ గెలిచింది, బొటాబొటీగా. లొరెట్టా రేడియో గొంతు పెంచి, ఖాళీ దుకాణంలో ఒక్కతే చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్ల మధ్యలోనే స్థానిక పత్రిక విలేకరి లోపలికి వచ్చాడు. బూట్ల బురద గుమ్మం దగ్గర దులుపుకుని, టోపీ తీసి, ఇబ్బందిగా నవ్వాడు.

“ఆర్లీన్ గారితో మాట్లాడి ఇటే వస్తున్నాను. ఆనవాయితీ ప్రకారం ఓడిపోయిన పార్టీ అభ్యర్థిగా మీ మాట కూడా వెయ్యాలి కదా, చెప్పండి లొరెట్టా గారూ!”