ఎదురొచ్చిన మనిషి

పొద్దున్నే గేటు తీసిన సత్యదుర్గను చూసి, బయల్దేరబోతున్న ఎదురింటాయన చెప్పులు విప్పి మళ్ళీ లోపలికెళ్ళిపోయాడు. రోజూ అంతే. ఆమె జడలో మల్లెలు సర్దుకుని లూనా ఎక్కింది.

రాజోలు సెంటర్లో కానిస్టేబులు భీమరాజు చెయ్యెత్తి ఆపాడు. ఆమె లైసెన్సు తీయబోయింది.

"అదొద్దండీ. అదిగో, మా అమ్మాయి టెన్త్ పరీక్షకి బయల్దేరిందండీ. మీలాంటి ముత్తయిదువ ఎదురొస్తే శుభమండీ."

సత్యదుర్గ బండి దిగి, నవ్వుతూ ఎదురు నడిచింది. అమ్మాయి దణ్ణం పెట్టి బస్సెక్కింది.

"మీ మేలు మర్చిపోనండీ. మీవారేం చేస్తారండీ?"

"ఆయన పోయి రెండేళ్ళయిందండీ."

భీమరాజు కళ్ళు ఆమె బొట్టు మీదే ఆగిపోయాయి. వెళ్ళిపోయిన బస్సుకేసి తిరిగాడు.

ఆమె లూనా స్టార్టు చేసింది.

"రేపు లెక్కల పరీక్ష కదండీ? రేపూ ఇదే వేళకి వస్తాను."