గొడ్డలి వీరుడి రికవరీ

"గొడ్డలి వీరుడి రికవరీ టైమ్ పెంచకపోతే, సాయంత్రం వెళ్ళే అప్‌డేట్‌లో నా పేరు పెట్టొద్దు," అన్నాడు జయకృష్ణ ఫోన్‌లో.

"పెంచను. కొలిచి పెట్టిన లెక్క అది," అంది ప్రత్యూష.

రేపు తాంబూలాలు పుచ్చుకోవలసిన ఇద్దరూ ఇలా కీచులాడుకోవడానికి కారణం ఒక ఆన్‌లైన్ ఆట. ఆ యుద్ధాల ఆటలో ఏ దెబ్బకు ఎంత బలం, దెబ్బ వేసిన వీరుడు తేరుకుని మళ్ళీ ఆయుధం ఎత్తడానికి ఎంతసేపు పట్టాలి అన్నది తేల్చడమే ఇద్దరి ఉద్యోగం. ఆ తేరుకునే వ్యవధినే రికవరీ టైమ్ అంటారు. అవతలివాడికి తిరిగి కొట్టడానికి దొరికే సందు ఆ కాసేపే. కంపెనీ హైదరాబాదులో ఉన్నా, ప్రత్యూష రొంపిచెర్లలో తాతగారింట్లో, జయకృష్ణ శావల్యాపురంలో తమ ఇంట్లో కూర్చుని, ఫోన్లు స్పీకర్‌లో పెట్టుకుని పనిచేస్తున్నారు.

గొడ్డలి వీరుడు వేసిన గొడ్డలిని ఆ క్షణమే లాగేసి ఇంకో దెబ్బ వేస్తున్నాడని, ఎదుటివాడికి ఊపిరాడటం లేదని ఆడేవాళ్ళు గోల పెడుతున్నారు. ప్రత్యూష పట్టిన పట్టు విడవడం లేదు. పెరట్లో తుమ్మ మొద్దులు చీల్చే మనిషిని వీడియో తీసి, దిగిన గొడ్డలి ఎంతసేపట్లో బయటికి వస్తుందో చూసి మరీ పెట్టిన అంకె అది.

"ఏమే పిల్లా, పెళ్ళి కాకముందే మావోణ్ణి ఏడిపిస్తన్నావే," అంది ఫోన్‌లోంచి ఒక ముసలి గొంతు. జయకృష్ణ నాయనమ్మ కోటేశ్వరమ్మ. మనవడి పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తోందట.

ప్రత్యూషకు ప్రాణం లేచొచ్చింది. ఆ పెద్దావిడ తనతో ఇలా పరాచికాలాడే రోజు వస్తుందని మొన్నటిదాకా అనుకోలేదు. ఎప్పుడో పార్టీ తగాదాల్లో ఆవిడ భర్తను మిరప కళ్ళంలో గొడ్డలితో నరికేశారు. ఆ కేసులో ప్రత్యూష తాత బసవయ్య పేరు కూడా ఉంది. కోర్టు కేసు కొట్టేసినా ఆవిడ మనసు మాత్రం కుదుటపడలేదు. "చంపితే చంపారు, పడిపోయిన మనిషి రొమ్ము మీద కాలెందుకు పెట్టాల? చొక్కా మీద అడుగు ముద్ర నేను చూళ్ళా?" అని ఇంటికి వచ్చినవాళ్ళందరినీ అడుగుతూనే ఉంది. చివరికి ప్రత్యూషే వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకుని, మా తాతయ్య జన్మలో గొడ్డలి ముట్టలేదని ఒట్టేసింది. ఆ ఒట్టు నమ్మే రేపు వస్తున్నారు.

తెలిసి అబద్ధం చెప్పలేదు ప్రత్యూష. బసవయ్య కట్టెలు కొట్టే చోట నిలబడను కూడా నిలబడడు. పెరట్లో గొడ్డలి చప్పుడు వినపడితే చాలు, కండువా దులుపుకుని వీధిలోకి పోతాడు.

ఆ బసవయ్యే ఇప్పుడు మజ్జిగ గ్లాసుతో వచ్చి మనవరాలి వెనక నిలబడ్డాడు. ఈ ఆట చూడటం ఆయనకు సరదా. ఎవడు ఓడిపోతాడో ముందే చెప్పి ఆమెను ఉడికిస్తుంటాడు. ఇవాళ మాత్రం తెర మీద గొడ్డలి వీరుణ్ణి చూసి మొహం చిట్లించాడు.

"ఇదేందమ్మా, గొడ్డలి అంత తొందరగా ఎట్టా వచ్చింది?"

ఫోన్‌లో సందడి ఆగింది. తన మాటే నెగ్గేలా ఉందని జయకృష్ణ నవ్వాపుకుంటూ వింటున్నాడని ప్రత్యూషకు తెలుసు. రోషం వచ్చింది.

"నేను కొలిచాను తాతయ్యా. మొద్దులోంచి ఇట్టే వచ్చేసింది."

"మొద్దులోంచి వస్తదమ్మా. మనిషిలో దిగితే రాదు."

పాతకాలం మనిషి, ఎవరో చెప్పుకుంటుంటే విని ఉంటాడు, అంతే అని ప్రత్యూష తనకు తానే సర్దిచెప్పుకుంది. ఫోన్ కట్టేద్దామని చేయి చాపింది. కట్టేస్తే ఒప్పుకున్నట్టే అవుతుందనిపించి ఆగిపోయింది.

"ఎవరన్నా చెప్తే విన్నావా తాతయ్యా?" అంది. అవునను, ఒక్కసారి అవునను అని లోపల మొక్కుకుంటూనే ఉంది.

బసవయ్య ఆ మాట వినిపించుకోలేదు. కళ్ళు తెర మీదే ఉన్నాయి. గ్లాసు పక్కన పెట్టాడు. రెండు చేతులూ చాచి, లేని గొడ్డలి కామను ఒడిసి పట్టుకున్నాడు. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుంటే వణికిన చేతులే అవి. ఇప్పుడు వణకడం లేదు. పాదమెత్తి ఎదురుగా ఉన్న పీట మీద పెట్టి గట్టిగా అదిమాడు. చిన్నప్పుడు ప్రత్యూష ఎక్కి ఊగిన పాదం అది.

"ఎముకల్లో ఇరుక్కుంటది. ఇట్టా కాలేసి, తొక్కిపట్టి లాగాల. అప్పుడుగానీ రాదు."

ఫోన్‌లోంచి వినిపించిన గొంతు జయకృష్ణది కాదు.

"అందుకా బసవయ్యా, మా ఆయన రొమ్ము మీద కాలు పెట్టింది?"