అరటితొక్క వైద్యం

గిరాకీ లేని మధ్యాహ్నం తన సెలూన్‌లో కత్తెరలు తుడుచుకుంటుంటే అతడికి అక్క ఫోన్ చేసింది.

"ఒరే, అరటితొక్క రుద్దితే బట్టతల మీద జుట్టు మొలుస్తుందా? బంధువుల గ్రూపులో పెట్టడానికి సిగ్గు లేదట్రా నీకు?"

"ఎవరో డాక్టరే చెప్పాడటక్కా."

"నీ మొహం! కుదుళ్లు చచ్చాక ఏం రుద్దినా మొలవదురా." ఆమె రిటైరైన సైన్సు టీచరు. తిడుతూనే పాఠమంతా చెప్పింది.

అతడు ఖాళీ కుర్చీలో చేరగిలబడి విన్నాడు.

"మరి తేనె కలిపి రుద్దితేనో?"

ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

"ఇంకోసారి ఇలాంటివి పంపావంటే బ్లాక్ చేసేస్తా," అని చివరికి ఫోన్ పెట్టేసింది.

సెలూన్ మళ్లీ నిశ్శబ్దమైపోయింది.

జీవితమంతా తలలే చూసినవాడికి, పోయిన జుట్టు రాదని తెలియకేం? పోయిన వారం జ్వరంతో పడి ఉన్నానని అదే గ్రూపులో పెట్టాడు. అక్క పూలగుత్తి బొమ్మ పంపింది. ఫోన్ మాత్రం చేయలేదు.

అతడు కళ్లజోడు పెట్టుకుని, రేపు పంపడానికి ఇంకో అబద్ధం వెతకసాగాడు. అక్కకు కోపం రావాలి గానీ, బ్లాక్ చేసేంత రాకూడదు.