గొళ్లెం చప్పుడు

వరహాలమ్మ బయట గొళ్లెం పెట్టి పనికి వెళ్లిందంటే, కుక్కపిల్ల బూచి ఇంట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చునేది. నిన్న భయానికి నట్టిల్లు తడిపేస్తే, ఆవిడ చీపురుతో వీపు చిట్లగొట్టింది.

"ఇవాళ ప్రాణం పోయినా తడపను బల్లత్తా," అంది గోడమీది బల్లితో.

పొద్దుగూకేదాకా ఉగ్గబట్టుకుంది. పొట్ట రాయిలా బిగిసింది. ఇంతలో గొళ్లెం చప్పుడైంది. బూచికి చీపురు గుర్తొచ్చింది. గడప దగ్గరే నేలంతా తడిసిపోయింది.

"ఇంతసేపు ఆగినదానివి, ఇప్పుడేమైందే?" అంది బల్లి.

"అమ్మగారొచ్చారుగా అత్తా."

వరహాలమ్మ తడి చూసి చీపురందుకుంది. "దీనికి భయం చాల్లేదు," అంది.

బల్లి జాలిపడి నాలుక చప్పరించింది.

"చూశావా, బల్లి కూడా పలికింది. సత్యం," అంటూ వరహాలమ్మ చీపురు తిరగేసింది.