పడవ బండి

పడవకు బండి చేయించాలని సాముయేలు అనుకుంటున్నాడని తెలిసి మొయినాబాద్ నవ్వింది. నవ్వడానికి ఖర్చు లేదు కదా. ఊరవతల సాముయేలు ఉండే వాడలో మాత్రం ఎవరూ నవ్వలేదు.

గండిపేట చెరువు కట్టి అప్పటికి పద్నాలుగేళ్లు. అక్కడ గాలం వేసే పాదిరి దొరకు సాముయేలు తెడ్డు వేసేవాడు. దొర సీమకు వెళ్లిపోతూ పడవను అతనికి ఇచ్చేశాడు. చిన్న పడవ. అయినా మోయాలంటే నలుగురు కావాలి. వాడలో అతని గుడిసె పక్కన బోర్లా పడి ఉండేది.

ఆ ఏడు చలి తగ్గగానే సాముయేలు వెళ్లి జనార్దన్ రెడ్డి పటేలు వాకిట్లో నిలబడ్డాడు.

“పడవను గండిపేటకు కొంచవోవాలె పటేలా. నెలకోసారి బండి కిరాయికియ్యుండ్రి.”

“పోయి వచ్చుడెందుకు? అక్కడ్నే కట్టేసి రారాదురా?”

“కావలోళ్లు ఉండనియ్యరు.”

పటేలు ఆలోచించాడు. చేపలంటే ఆయనకు ప్రాణం.

“పడవ ఎక్కొచ్చు. చెక్కకు మైల లేదు. నువ్వు ఎన్క నడువు. మీ వాడోళ్ల ఒళ్లు నా బండికి తాకిందంటే, బండినే కాలవెడ్త.”

“అట్లనే పటేలా.”

“కిరాయొద్దు. చేపలు తే.”

నెలనెలా బండి కదిలేది. తోలేది పటేలు పాలేరు మారయ్య. తెల్లవారుతుండగా వాడకు వెళ్లి పడవను ఎక్కించుకునేవాడు. కింద మందంగా వరిగడ్డి. మీద బోర్లించిన పడవ. దాని మీద తడి గోనెలు. ఎండకు చెక్క పగులుతుందట. దారిలో గుంత వచ్చిందంటే మారయ్య దిగి, చక్రాన్ని చేత్తో పట్టి మెల్లగా దించేవాడు. సాముయేలు వెనకే నడుస్తూ, పడవ అంచు మీద చెయ్యి వేసి దానితో మాట్లాడేవాడు.

అజీజ్‌నగర్ దగ్గర చేలల్లోవాళ్లు పని ఆపి మరీ చూసేవాళ్లు.

“ఏం సామేలన్నా, పడవకు కతలు చెప్తున్నవా?”

“ఊఁ.”

“మరి అది ఊఁ కొడుతున్నదా?”

సాముయేలు నవ్వేవాడు కాదు.

రెండోరోజు సాయంత్రానికి బండి తిరిగొచ్చేది. పటేలింటికి రెండు కొర్రమీన్లు చేరేవి. పటేలు భార్య సుగుణమ్మ కొంగుతో ముక్కు మూసుకునేది.

“గండిపేట ఇక్కడ్నేనాయె. చేపలు గింత వాసనొస్తున్నయేందిరా?”

“ఎండ, దొరసాని.”

“నీ పెండ్లాం ఎముకల పోగైందట. మంచంల పడ్డదట. దానికి మందిప్పియ్యరాదు? పడవను ఊరేగిస్తున్నవ్!”

సాముయేలు తల వంచుకుని వెళ్లిపోయేవాడు. సుగుణమ్మ అన్నది నిజమే. అతని భార్య కరుణమ్మ లేచి నాలుగడుగులు వేసి ఏడాది దాటింది.

వానకాలం ముంచుకొచ్చింది. పటేలు చెప్పేశాడు.

“ఇంకొక్కసారి కొంచవో. ఆ తర్వాత జొన్న ఇంటికొచ్చేదాక బండి లేదు.”

జొన్న ఇంటికొచ్చేదాకా ఆగడం సాముయేలుకు కుదరదు. ఆ రోజే నడిచి చేవెళ్ల వెళ్లాడు. అక్కడ బండ్లు చేసేది వడ్ల హన్మయ్య.

“రెండు చక్రాలు, ఇరుసు, పైన పడవ పట్టేంత పలక. ఎడ్లొద్దు. నేనే గుంజుత.”

“ఏమిస్తవ్?”

“బర్రెనిస్త.”

హన్మయ్య చేతిలో బాడిస ఆగింది.

“పాలిచ్చే బర్రెనా? నెలకొక్కసారి కదిలే పడవకా? ఇంకెన్నేండ్లు నడుస్తదే అది?”

సాముయేలు పక్కనున్న చక్రాన్ని చేత్తో తడిమి చూశాడు.

“ఒక్క ఏడాది నడిచినా చాలు.”

“ఏడాదికి బర్రెనా! నీ పెండ్లాం ఏమంటున్నది?”

“దండుగ అంటున్నది.”

“ఆమెకున్న తెలివి నీకు లేకపాయె.”

సాముయేలు అది విననట్టే ఉన్నాడు.

“పలకల నడుమ సందులుంచు హన్మయ్యన్నా. కింది నుంచి గాలాడాలె.”

“అవు, లేకుంటే చెక్క మురుగుతది” అన్నాడు హన్మయ్య. పని తెలిసినవాడు.

మర్నాడే బర్రె చేవెళ్ల చేరింది.

చివరిసారి పటేలు బండి మూడోరోజు గాని తిరిగి రాలేదు. వచ్చేటప్పుడు మారయ్య గుంతల దగ్గర దిగలేదు. గోనెలు ఎండిపోయి ఉన్నాయి.

“ఏమన్నా, ఇయ్యాల కతల్లేవా?” అని అజీజ్‌నగర్‌లో ఎవరో అరిచారు.

సాముయేలు తల తిప్పలేదు. పటేలింటికి చేపలు రాలేదు.

తెల్లారి వాడలో చర్చి గంట మోగింది. కరుణమ్మను పూడ్చిపెట్టారు.

“పెండ్లాం పానం మీదికొస్తే ఈడు చేపలకు పోయిండు. మనిషేనా?” అన్నాడు పటేలు, అరుగు మీద కూర్చుని. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. మారయ్య ఎడ్లకు గడ్డి వేస్తున్నాడు. అతను తల ఎత్తలేదు.

నాలుగు రోజులయ్యాక సాముయేలు మళ్లీ చేవెళ్ల వెళ్లాడు. చక్రాలు తయారై గోడకు ఆనించి ఉన్నాయి.

“బండొద్దు హన్మయ్యన్నా.”

“ఇప్పుడొచ్చిందా బుద్ధి? ఈ చక్రాలు నేనేం చేసుకోవాలె?”

“బర్రెను నువ్వే ఉంచుకో.”

“పడవనమ్మినవా ఏంది?”

“లేదు. కాలవెట్టిన.”

హన్మయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. పెండ్లాం పోయాక గాని పడవ పిచ్చి వదల్లేదన్నమాట అనుకుని, బాడిస అందుకున్నాడు.

పాదిరి దొర వెళ్లిన నాటి నుంచి ఆ పడవ నీళ్లను తాకనే లేదు. పటేలింటికి చేరిన చేపలు పట్నం అంగట్లో కొన్నవి. నెలనెలా పటేలు బండి మీద, బోర్లించిన ఆ చెక్క కింద, గడ్డిలో పడుకుని పట్నం దవాఖానకు వెళ్లి వచ్చింది కరుణమ్మ.